నోరు దిద్దే పూట

ఇవాళ బొమ్మలో నా నోరు దిద్దుతున్నాడు, అందుకని నేను మాట్లాడకూడదు. కళ్ళు దిద్దిన రోజు మాట్లాడుకోనిచ్చాడు, ముక్కు దిద్దిన రోజు నవ్వుకోనిచ్చాడు, చెవుల దాకా వచ్చేసరికి వాటి మీద జుట్టు ఉంది గనుక పనే లేదన్నాడు. ఇవాళ మాత్రం పెదవి మీద పెదవి ఆనించి, ఊపిరి ముక్కుతోనే పీల్చుకుంటూ గంటసేపు కూర్చోవాలి. "గంటే కదా లొవీనా, డెబ్బై ఏళ్ళలో ఒక్క గంట," అన్నాడు మా ఆయన ఓరిన్, కుంచె చివర తడిమి చూసుకుంటూ. నిద్రలో కూడా కోళ్ళని కేకలేస్తానని నువ్వే కదయ్యా ఊరంతా చెబుతావు, నిద్రలో మూసుకోని నోరు మెలకువలో ఎలా మూసుకోను అందామనుకున్నాను, కాని ఆ లోపలే వేలు ఎత్తేశాడు. ఆ వేలు లేచిందంటే పని మొదలైందని. యాభై ఏళ్ళుగా ఆ వేలు లేస్తే నేను కుర్చీని, గోడని, కిటికీ పక్కన పెట్టిన కూజాని. అది దిగేదాకా ఈగ వాలినా తోలుకోకూడదు. కింద వంటింట్లో చిక్కుడు గింజల కుండ నిన్న రాత్రి నుంచీ పొయ్యిలో ఉంది, శనివారం కదా, మా ఊళ్ళో ఇంటింటా అదే వంట, వాసన మెట్లెక్కి వస్తోంది, ఇంకాస్త నీళ్ళు పొయ్యకపోతే అడుగంటుతుంది. ఎవరితో చెప్పను? ఉన్నది మేమిద్దరం. ఒకరికి మాట్లాడే వీల్లేదు, రెండో వారికి బొమ్మ వేసేటప్పుడు ఇల్లు తగలబడినా వాసన రాదు.

ఈ కుర్చీలో నేను ఎవరెవరిగానో కూర్చున్నాను. బోస్టన్ నుంచి రైల్లో పెట్టెలు వచ్చేవి, తాళ్ళు విప్పితే కర్పూరం వాసన, లోపల మడతల మధ్య కాగితాలు పెట్టిన పట్టు గౌన్లు. ఆ ఇళ్ళ ఆడవాళ్ళకి తీరిక ఉండేది కాదు, ముఖం కోసం రెండు మూడు సార్లు వచ్చి కూర్చునేవాళ్ళు, మిగతా ఒళ్ళు పెట్టెలో పంపేవాళ్ళు. ఆ ఒళ్ళు నేను. జడ్జి గారి భార్య నల్ల మఖ్‌మల్ గౌను నాకు వీపు మీద కలవలేదు, ఓరిన్ గుండుసూదులు గుచ్చి వదిలేశాడు. ముందు నుంచి చూస్తే జడ్జి గారి భార్యని, వెనక నుంచి చూస్తే లోపలి లంగా కనిపిస్తూ ఓరిన్ పెళ్ళాన్ని. దగ్గితే సూదులు గుచ్చుకునేవి. మూడు వారాలు దగ్గకుండా కూర్చున్నాను, అది కూడా జలుబు నెల. ఆ బొమ్మలన్నిట్లో చేతులు నావి. ఒకసారి నేనూ, నా నేస్తం ఆల్మైరా పోర్ట్‌లాండ్ వెళ్ళి, వాన పడుతుంటే తడవకుండా లైబ్రరీలోకి దూరాం. అక్కడ గోడ మీద ఒక ఓడ యజమాని భార్య, ముత్యాల దండ, ఒళ్ళో విసనకర్ర. ఆల్మైరా ఆగిపోయి చూసింది, చూసింది, "ఒసేయ్ లొవీనా, ఆ మహాతల్లి నీ చేతులు దొంగిలించిందే!" అని అరిచింది. లైబ్రరీ వాళ్ళు మమ్మల్ని మళ్ళీ వానలోకి పంపేశారు. ఆల్మైరా పోయి ఆరేళ్ళయింది. ఇంకెవరూ నా చేతులు గుర్తుపట్టలేదు. పట్టేందుకు గుర్తు ఉంటేగా, కుడి బొటనవేలి కింద నాకు పెద్ద మచ్చ ఉంది, పదిహేనేళ్ళప్పుడు చేపల ఫ్యాక్టరీలో కత్తెర దిగింది. ఓరిన్ ఎన్నడూ దాన్ని వెయ్యలేదు. "ఆవిడ చేపల తలలు కత్తిరించదు కదా," అనేవాడు. నిజమే, ఆవిడ కత్తిరించదు.

మా ఫ్యాక్టరీలో ఈల మోగేది, పడవ వచ్చిందని. ఏ వేళప్పుడైనా సరే, తింటున్నా, చర్చిలో పాడుతున్నా, ఈల వినగానే లేచి పరిగెత్తాలి, చేపలు మన కోసం ఆగవు. వేళ్ళకి గుడ్డపీలికలు చుట్టుకుని నించుంటే తల, తోక, తల, తోక, పది డబ్బాలు, వంద డబ్బాలు. ఆ ఏడు ఫ్యాక్టరీ గోడ మీద పేరు రాయడానికి ఓ కుర్రాడొచ్చాడు, వాళ్ళ మామయ్య బళ్ళ షెడ్డులో మంచు మీద జారే బళ్ళకి లతలూ పువ్వులూ వేసేవాడట. నిచ్చెన మీద నుంచి కిటికీలోకి చూసి, "కదలకు," అన్నాడు. నాతో ఎవరూ ఆ మాట అనలేదు అంతకు ముందు, అందరూ కదలమనే వాళ్ళే. "కదలకపోతే ఈ చేపలు నువ్వు కోస్తావా?" అన్నాను. ఆడవాళ్ళంతా నవ్వారు. ఆయన నా చేతులు వేసుకెళ్ళాడు ఒక పలక మీద, డబ్బా పట్టుకున్నట్టు. యజమానికి నచ్చి ఆ బొమ్మ డబ్బాల మీద అంటించాడు, కాకపోతే తల మాత్రం తన కూతురిది పెట్టమన్నాడు. అలా మొదలైంది. ఆ డబ్బాలు న్యూయార్క్ దాకా వెళ్ళాయంటారు. తర్వాత ఓరిన్ ఊరూరూ తిరిగి ఫోటోలకి రంగులు వేశాడు, పడవల కెప్టెన్లని వేశాడు, కెప్టెన్లు చెబితే బ్యాంకుల వాళ్ళు, బ్యాంకుల వాళ్ళు చెబితే జడ్జీలు. రెండేళ్ళు బోస్టన్‌లో ఉన్నాం, మూడంతస్తుల పైన ఒక గది, కిటికీ తెరిస్తే ఇటుక గోడ, నేను కింద కూరగాయల బండివాడితో మాట్లాడ్డానికే బంగాళదుంపలు కొనేదాన్ని. పేపర్లో ఓరిన్ పేరు వచ్చింది. ఆయన వేసిన ముఖాలు ఇప్పుడే నోరు విప్పబోతున్నట్టు ఉంటాయని రాశారు. ఏమిటో, ఆయన ఇంట్లో నోరు విప్పే ముఖం ఒక్కటే, దాన్ని ఆయన వెయ్యలేదు.

వెయ్యమని అడగలేదు కూడా. అడిగితే ఏమంటాడో అని కాదు, నేను అడగని విషయం అంటూ ఉందంటే ఊళ్ళో ఎవరూ నమ్మరు. దానికి వేరే కారణం ఉంది, ఇప్పుడు వద్దు. ఈ మార్చిలో కాలేజీ నుంచి లేత్రప్ గారని ఒకాయన ఉత్తరం రాశాడు. కొత్త ప్రెసిడెంటు బొమ్మ కావాలి, భోజనాల హాల్లో పాత ప్రెసిడెంట్ల పక్కన పెట్టడానికి, వాళ్ళలో ముగ్గుర్ని వేసింది ఓరినే, వాళ్ళకీ చేతులు నావే. చివర ఎంతో మర్యాదగా, ఈ మధ్య వేసినది ఏదైనా ఉంటే ఒకసారి చూసి పోతామని. "నేను బతికే ఉన్నానో లేదో చూడ్డానికొస్తున్నాడు," అని నవ్వాడు ఓరిన్. ఆ నవ్వు నాకు నచ్చలేదు. ఈ మధ్య వేసినవి లేవు. రెండేళ్ళుగా ఎవరూ పెట్టెలు పంపలేదు. రెండు రోజులు పడవల వంక చూస్తూ కూర్చుని, మూడో రోజు పొద్దున్న రొట్టెకి వెన్న రాసుకుంటూ, రొట్టెకి కాదు పళ్ళేనికి రాస్తూ, "నిన్ను వేస్తాను," అన్నాడు. నేను సరాసరి కోళ్ళ దగ్గరికి వెళ్ళి, ఒక్కోదానికీ చెప్పి వచ్చాను. ఆ లేత్రప్ గారు వచ్చేది ఇవాళే, పన్నెండింటికి. పొద్దున్న టెలిఫోను చేసి మరీ చెప్పాడు. గోడ గడియారం పదిన్నర కొట్టి కాసేపయింది. తల తిప్పి చూడకూడదు గనుక ఎంతయిందో తెలీదు.

పళ్ళేనికి వెన్న రాశాడని అన్నాను కదా. అది నేను చూడనట్టు ఊరుకున్నాను. కోటు తగిలించే కొయ్యకి గుడ్ మార్నింగ్ చెప్పినప్పుడు కూడా ఊరుకున్నాను. కప్పు నిండిందో లేదో టీలో వేలు పెట్టి చూసుకుంటాడు, నేను కిటికీలోంచి ఏదో చూస్తున్నట్టుంటాను. పోర్ట్‌లాండ్‌లో ఉన్న మా అమ్మాయి హెస్టర్ పోయిన శీతాకాలం బలవంతంగా డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. ఆయన ఏం చెప్పాడో ఓరిన్ నాకు చెప్పలేదు, హెస్టర్ చెప్పింది, నాకు తెలుసని ఆయనకి తెలీదు. ఇంటికొచ్చి ఆయన అన్నదల్లా, "నా కళ్ళకేం, జడ్జీల మీసాల్లో వెంట్రుకలు లెక్కపెట్టిన కళ్ళు. ఇవి పోయిన రోజు నన్ను పడవెక్కించి, తాడు విప్పి ఒక్క తోపు తొయ్యండి," అని. నేను నవ్వాను. నవ్వకపోతే ఏం చెయ్యను. ఈ బొమ్మ మొదలైన రోజు నుంచీ రంగులు నేనే పెడుతున్నాను. కీళ్ళనొప్పులొచ్చి రంగుల పలక చేత్తో పట్టుకోలేకపోతున్నాడని చేతులు కడుక్కునే పాత బల్ల మీది చలువరాయి తీసి ఆయన పక్కన బల్ల మీద పరిచాం. దాని మీద ఎడమ నుంచి పసుపు, ఎరుపు, ఇటుక రంగు, మధ్యలో పెద్ద ముద్దగా తెలుపు, తర్వాత నీలం, ఆకుపచ్చ, చివర నలుపు. "అంగుళం కూడా మారకూడదు," అన్నాడు. చేతికి అలవాటట. పెళ్ళైన నలభై ఎనిమిదేళ్ళూ చేతికి లేని అలవాటు ఇప్పుడొచ్చిందంటే నాకు అర్థం కాదా? ఆయన రంగుని చూసి తీసుకోవడం లేదు, చోటుని బట్టి తీసుకుంటున్నాడు. నేను చోట్లు తప్పకుండా పెడుతున్నాను. ఇద్దరం ఈ ఆట ఒకరికొకరు చెప్పుకోకుండా ఆడుతున్నాం.

ఇవాళ తప్పు నాదే. ముందే చర్చికి వేసుకునే బూడిద రంగు గౌను వేసుకుని కూర్చున్నాను, ఆ గౌనే కదా బొమ్మలో. ఇంతలో ఆ లేత్రప్ గారి టెలిఫోను మోగింది, కిందికి పరిగెత్తి మాట్లాడి పైకొచ్చాను, రంగులు ఇంకా పెట్టలేదు. అటు వైపు వెళ్తే తడి బొమ్మకి చెయ్యి తగులుతుందని ఇటు నుంచే, నా కుర్చీ వైపు నుంచే వంగి, ఎడమ నుంచి పసుపు, ఎరుపు, ఇటుక అని పెట్టుకుంటూ పోయాను. నా ఎడమ. ఆయనకి అది కుడి. జీవితంలో ఎప్పుడూ ఇటు నుంచి పెట్టలేదు. ఇటు నేను కూర్చునేదాన్నే గాని పెట్టేదాన్ని కాను. కూర్చున్నాను, మెడ సరిచేసుకున్నాను, నోరు మూసుకున్నాను, వేలు లేచింది. ఆయన కుంచె ఎడమ నుంచి రెండో దాని మీదికి, ఎప్పుడూ వెళ్ళినట్టే, తడుముకోకుండా వెళ్ళింది. ఎరుపు కోసం. వచ్చింది ఆకుపచ్చతో.

ముందు అనుకున్నాను, అడుగున ఏదో పూస్తాడేమో అని. కొందరు అలా చేస్తారట, చర్మం కింద పచ్చదనం పెడతారట. ఓరిన్ ఎన్నడూ పెట్టలేదు, యాభై ఏళ్ళు ఎదురుగా కూర్చున్నదాన్ని నాకు తెలీదా. మధ్యలో తెలుపు చోటు మారలేదు గనుక దాంట్లో కలిపాడు, కలిపి తల పక్కకి వంచి, "ఆ," అన్నాడు తృప్తిగా, బొమ్మ మీద పెట్టాడు. నాకు బొమ్మ కనపడదు, దాని వీపు కనపడుతుంది, కొయ్య చట్రం, మేకులు. కుంచె కొస కనపడుతుంది, తుడుచుకున్న గుడ్డ కనపడుతుంది. గుడ్డ మీద చారలు చారలుగా ఆకుపచ్చ. అంటే ఆ రెండు రంగులూ ఆయనకి ఒకటే అయిపోయాయన్నమాట. నేను అనుకున్నదాని కంటే చాలా దూరం వెళ్ళిపోయాయి కళ్ళు. మరి నా కళ్ళు, నా ముక్కు దిద్దిన రోజుల్లో? ఆ రోజుల్లో రాయి సరిగ్గా ఉంది, చోట్లు సరిగ్గా ఉన్నాయి. అంటే అవి బాగానే వచ్చి ఉంటాయి, ఆ చెయ్యి చేప పిల్ల, చీకట్లో కూడా ఈదుతుంది. నోరొక్కటే. నోరు విప్పి "ఓరిన్, రాయి తిరగబడింది" అని ఒక్క మాట అంటే సరి. మూడు మాటలు. అంటే ఆయనకి తెలిసిపోతుంది, ఇరవై నిమిషాలుగా పచ్చ పూస్తూ ఎరుపనుకున్నానని. నాకు తెలుసని తెలిసిపోతుంది. పడవ తాడు విప్పినట్టే. అనకపోతే పన్నెండింటికి లేత్రప్ గారు టోపీ చేతిలో పట్టుకుని ఈ మెట్లెక్కి వచ్చి బొమ్మ ముందు నిలబడతాడు, మర్యాదస్తుడు, ఏమీ అనడు, దగ్గుతాడు. ఆ దగ్గుతో తెలుస్తుంది ఓరిన్‌కి. పరాయివాడి దగ్గుతో. ఏ దారైనా అదే చోటికి. జడ్జి గారి భార్య గౌనులో ఉన్నట్టుంది నాకు, వీపంతా సూదులు, ఊపిరి పీలిస్తే గుచ్చుకుంటాయి, పీల్చకపోతే పోతాను.

వాసన మారింది. అడుగంటడం మొదలుపెట్టింది కుండ. దాని మొహం, అంటనీ.

కుంచె ఆగింది. ఓరిన్ ముందుకి వంగి నా వైపు చూశాడు, అంటే నా వైపు ముఖం పెట్టాడు, ఆ చూపు నా చెవి పక్కగా పోతుంది ఈ మధ్య. మెల్లగా అన్నాడు, బొమ్మతో అన్నాడో నాతో అన్నాడో, "ఈ కింది మూల... ఇది ఆసాది."

నలభై మూడేళ్ళు. నలభై మూడేళ్ళుగా ఆ పేరు ఆయన నోట రాలేదు. ఇవాళ వచ్చింది, నేను నోరు తెరవడానికి వీల్లేని రోజు.

ఇప్పుడు వద్దు అన్నానే, అదే ఇది. అప్పట్లో ఊళ్ళలో పసివాళ్ళు పోతే బొమ్మ వేయించుకునేవాళ్ళు, ఫోటో ఉంటే ఫోటో చూసి, లేకపోతే మనిషిని పంపేవాళ్ళు, వెంటనే రమ్మని. ఓరిన్ వెళ్ళి, ఆ మంచం పక్కన కూర్చుని ముఖం గీసుకుని వచ్చేవాడు, రెండు రోజులు అన్నం సరిగ్గా తినేవాడు కాదు. ముఖం అక్కడిది, కాని ఒళ్ళు కావాలి కదా, బతికున్న ఒళ్ళు, బుగ్గ కింద మెడ మడత, గుప్పిట పట్టిన చెయ్యి. మా అబ్బాయి ఆసా ఉన్నాడు, మూడేళ్ళవాడు. ఆ రోజుల్లో ఆ వయసు వాళ్ళకి ఆడైనా మగైనా గౌనే. వాణ్ణి ఈ కిటికీ కింద కూర్చోబెట్టి కొయ్యగుర్రం చేతికిస్తే, దాని చెవి కొరుక్కుంటూ కూర్చునేవాడు. పదకొండు బొమ్మలు. పదకొండు ఇళ్ళలో మా ఆసా ఒళ్ళు, వాళ్ళ పిల్లల తలలు. తర్వాత గొంతువాపు జబ్బు మా వీధికి వచ్చింది. నాలుగు రోజులు. చివరి రోజు వాడి పెదవుల రంగు ఎలా మారిందో నేను చెప్పను. ఓరిన్ పెన్సిలు తీసుకుని ఆ మంచం పక్కన కూర్చున్నాడు, ఊరందరి పిల్లలకీ కూర్చున్నట్టే, తెల్లవారేదాకా కూర్చున్నాడు, కాగితం తెల్లగానే ఉంది. ఆ తర్వాత ఎవరి పిల్లల కోసమూ వెళ్ళలేదు. మనిషొస్తే నేనే గుమ్మంలో చెప్పి పంపేదాన్ని. వాడి ముఖం ఉన్న బొమ్మ ఒక్కటీ లేదు ఈ లోకంలో. ఏడాదికోసారి హాలిస్ వాళ్ళింటికి దోసకాయ పచ్చడి సీసా పట్టుకుని వెళ్తాను. వాళ్ళ హాల్లో, ఆ పదకొండులో ఒకటి, వాళ్ళ పోయిన పాప ఫీబీ బొమ్మ ఉంది, చేతిలో కొయ్యగుర్రం, చిటికెన వేలు కొంచెం వంకర. ఓరిన్ వేలు లాంటి వేలు. ఆ వేలు చూసి వస్తాను. వాళ్ళు నాకు ఫీబీ అంటే ఎంత ప్రేమో అనుకుంటారు. మా వాడి ముఖం మాత్రం గుర్తుకు రావడం లేదు నాకు, పదేళ్ళయింది, ఎంత తవ్వుకున్నా జుట్టు వస్తుంది, మెడ వస్తుంది, ముఖం ఉండాల్సిన చోట కిటికీ వెలుగు మాత్రమే ఉంటుంది. ఇంత మాట్లాడతాను, పోస్టు తెచ్చేవాడితో, కోళ్ళతో, వానతో, ఓరిన్‌తో ఆ ఒక్క మాట అనలేదు: పదకొండుసార్లు వేశావే, ఒక్కసారి వాడిగా వెయ్యలేకపోయావా? ఆ మాట బయటికి రాకుండానే కాబోలు ఇన్ని మాటలు అడ్డం పెట్టుకున్నాను.

నా నోట్లో వాడి నోరు చూస్తున్నాడు ముసలాడు. అందుకే ఇవాళ మూసుకోమన్నాడు. పచ్చ రంగుతో వేస్తున్నాడు.

కుంచె తుడిచాడు. కొత్త కుంచె తీశాడు, సన్నది. ఆ కుంచె నాకు తెలుసు. నోరు ముగించేటప్పుడు కింది పెదవి మీద పసుపు చుక్క ఒక్కటి పెడతాడు, తడి మెరుపు కోసం, అది పెడితే అయిపోయినట్టు. పసుపు ఎడమ చివర. ఇవాళ ఎడమ చివర ఉన్నది నలుపు. ఎరుపూ పచ్చా ఆయనకి ఒకటేనేమో, నలుపు కాదు, నలుపు పెడితే ఆ కళ్ళకి కూడా తెలుస్తుంది. ఒంటరిగా, కుంచె పట్టుకుని, బొమ్మ ముందు నిలబడి తెలుసుకుంటాడు. చెయ్యి బయల్దేరింది. తెలుపు దాటింది. రెండోది దాటింది.

"ఆగు," అన్నాను.

"నోరు కదపకు లొవీనా."

"కదిపేశాను. ఇంకేం మిగల్లేదు కదపడానికి."

లేచాను. వేలు దిగకుండా కుర్చీలోంచి లేవడం ఇదే మొదటిసారి. అటు వెళ్ళి చూశాను. నేనే. ముడి వేసిన నెరిసిన జుట్టు, నుదుటి మీద వంట పొగకి పడ్డ ముడతలు, కళ్ళు చూస్తే ఇప్పుడే ఎవరి గురించో ఏదో చెప్పబోతున్నట్టు. ఆ కళ్ళ కింద, పాచి పట్టిన రాయిలాగా, నోరు. ఆ రంగు నేను ముందొకసారి చూశాను.

"ఎలా ఉంది?" అన్నాడు. అడగడు ఆయన ఎప్పుడూ, నేనే చెబుతాను, అడగకుండానే.

"ఇది నా నోరు కాదు," అన్నాను. "గంటసేపు మూసుకున్న నోరు నాదెలా అవుతుంది? ఊళ్ళో ఎవరికి చూపించినా, ఈవిడెవరో తెలీదండీ అంటారు. తుడిచెయ్."

"తుడిచెయ్యాలా?"

"గుడ్డ ఇటియ్యి."

నేనే తుడిచాను, టర్పెంటైన్‌లో ముంచి, వాడి మూతి తుడిచినట్టు మెల్లగా. అది పోయేసరికి నాకు ఊపిరి వచ్చింది. తుడుస్తూనే రెండో చేత్తో చలువరాయి అంచు పట్టుకుని తిప్పాను. ఎంత మెల్లగా తిప్పినా రాయి రాయే. బల్ల మీద గరగరమంది.

ఓరిన్ కుంచె కింద పెట్టాడు.

"ఎంతసేపటి నుంచి?" అన్నాడు.

"ఏది?"

"రాయి."

అబద్ధం చెప్పడానికి నా దగ్గర మాటల కరువా? అయినా రాలేదు. "మొదటి నుంచీ," అన్నాను. "టెలిఫోను వచ్చి, ఇటు నుంచి పెట్టాను. నా బుద్ధికి బూజు పట్టింది."

"ఏ రంగు పడింది?"

"పచ్చ."

కింద అడుగంటిన వాసన, బయట పడవల మీద సముద్రపు పక్షుల గోల. ఓరిన్ బల్ల అంచు పట్టుకుని, బొమ్మ చట్రం పట్టుకుని, నడిచి వచ్చి నా కుర్చీలో కూర్చున్నాడు. ఆ కుర్చీలో ఆయన కూర్చోగా నేను చూడలేదు. నేను ఆయన చోట నిలబడి ఉన్నాను, చేతిలో పచ్చ గుడ్డతో.

"ఇక్కణ్నుంచి ఇలా ఉంటుందా," అన్నాడు.

"నేనెలా ఉన్నాను?"

"మబ్బులా ఉన్నావు. కనపడవు గాని వినపడతావు."

"నాకు తెలుసు ఓరిన్. హెస్టర్ చెప్పింది."

"నీకు తెలుసని నాకు తెలుసు. వెన్న పళ్ళేనికి రాస్తే ఒక్క వెటకారం కూడా ఆడలేదు నువ్వు. భయమేసింది నాకు."

నవ్వొచ్చింది, నవ్వు వెనకే ఆ మాట వచ్చేసింది, అడ్డం పెట్టడానికి ఇంకే మాటా చేతికి అందక. "పదకొండుసార్లు వేశావు వాణ్ణి. ఒక్కసారి కూడా వాడిగా వెయ్యలేదు."

"లేదు," అన్నాడు.

"ఎందుకని?"

"ఎప్పుడూ ఉంటాడనుకున్నాను. అక్కడే, కిటికీ కింద." ఆయన వంకర చిటికెన వేలు కుర్చీ చేతిని గీరుతోంది. "పన్నెండోది ఇవాళ వేద్దామనుకున్నాను. నీ నోట్లో ఉన్నాడు కాస్త. వెలుగు పూర్తిగా పోకముందు తీసుకుందామని. ఎవరికీ చెప్పకుండా."

మోటారు కారు ఆగిన చప్పుడు వచ్చింది కింద. తలుపు పడింది, గేటు కిర్రుమంది. ఇద్దరం విన్నాం.

"వెళ్ళి చెప్పు," అన్నాడు ఓరిన్, "నేను వెయ్యను, ఇంకెవరి చేతనైనా వేయించుకోమను. ప్రెసిడెంట్లకి కళ్ళున్న వాళ్ళు దొరుకుతారు."

"ఎందుకని అడిగితే?"

"పనుందని చెప్పు."

"ఏం పనంటే?"

"నోరు," అన్నాడు.

దిగి వెళ్ళాను. లేత్రప్ గారు గుమ్మంలో టోపీ చేత్తో పట్టుకుని ఉన్నాడు, అనుకున్నట్టే మర్యాదస్తుడు, బూట్లు గోనె మీద రెండుసార్లు తుడుచుకున్నాడు. "ఓరిన్ పెటెంగిల్ గారి భార్య కదండీ మీరు?" అన్నాడు. "ఆయన బొమ్మల్లో చేతులు ఎంత బాగుంటాయో అని మా హాల్లో అందరూ అంటారు." నా చేతుల వంక చూడలేదు పాపం, గుమ్మం వంక చూస్తూ అన్నాడు. "ఆయనకి కుదరదు బాబూ, పెద్ద పని పెట్టుకున్నాడు," అన్నాను. "ఇంత దూరం వచ్చారు, ఉత్త కడుపుతో పంపను. చిక్కుడు గింజలు అడుగంటాయి, అడుగు కదపకుండా పైన పైన వడ్డించుకోండి. రొట్టె గుడ్డ కింద ఉంది. మజ్జిగ కూజాలో ఉంది. వెళ్ళేటప్పుడు తలుపు గట్టిగా లాగండి, కోళ్ళొస్తాయి." ఆయన ఏదో అడగబోయాడు. నేను మెట్లెక్కేశాను.

ఓరిన్ మళ్ళీ తన చోట నిలబడి ఉన్నాడు, ఎడమ చేత్తో రాయి అంచు తడుముకుంటూ, కుడి చేతిలో కుంచె. కూర్చున్నాను. గౌను సర్దుకున్నాను, చేతులు ఒళ్ళో పెట్టుకున్నాను, మచ్చ ఉన్న చెయ్యి పైన. పెదవి మీద పెదవి ఆనించి వేలు కోసం చూశాను. వేలు లేవలేదు.

"ఏం, మొదలెట్టవా?"

"నువ్వే మొదలెట్టాలి," అన్నాడు. "మాట్లాడు."

"ఏం మాట్లాడను?"

"ముందు ఎరుపు ఎక్కడుందో చెప్పు."

"ఎడమ నుంచి రెండోది," అన్నాను. "అది పసుపు. ఇంకాస్త లోపలికి. ఆ, అదీ. అంత ముంచుకోకు, గోడకి సున్నం వేస్తున్నావా? కొసతో తీసుకో. తెలుపులో కలుపు, ఇంకా కలుపు. చాలు." కుంచె లేచి గాల్లో ఆగింది, నా మాట కోసం. అప్పుడు నేను చెప్పబోతున్నది నాకే తెలీదు, నోరు తెరిచాను, అదే వచ్చింది. "పై పెదవి మధ్యలో వాడికి చిన్న నొక్కు ఉండేది ఓరిన్, గుర్రం చెవి కొరికీ కొరికీ. అక్కడ పలచగా పెట్టు."